ముడికి లక్షణం, ముడులకు అభేదం

రెండు వస్తువులు ఒకటేనని దేన్నిబట్టి చెప్పాలి అన్నది తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. వస్తువేమిటో ముందు తెలుసుకుని, అలాంటివి రెండు ఎదురైనప్పుడు అవి ఒకటా వేరా అని ఆ తరువాత విచారించడం లోకంలో పరిపాటి. ముడుల గణితంలో ఈ క్రమం తలకిందులవుతుంది. రెండు ముడులు ఎప్పుడు ఒకటవుతాయో తేల్చకుండా ముడి అంటే ఏమిటో చెప్పడం అక్కడ సాధ్యం కాదు. సాగదీసినా వంచినా చెడని ధర్మాలను పరిశీలించే గణితశాఖను టోపాలజీ అంటారు. అందులో ఒక భాగంగా స్థిరపడిన ముడుల సిద్ధాంతపు పరిభాషను నిదానంగా చదివితే, లక్షణం చెప్పడమంటే ఉన్నదాన్ని వర్ణించడమా, లేక ఏ భేదాలను భేదాలుగా లెక్కించకూడదో నిర్ణయించడమా అన్న తాత్త్విక ప్రశ్న అడుగడుగునా ఎదురవుతుంది. నిర్ణయించడమే అయితే, అలా నిర్ణయించినవాడి ఇష్టానికి ఆ వస్తువు ఎంతవరకు లోబడి ఉంటుందన్నది దాని వెంటనే వచ్చే ప్రశ్న.

ఈ విచారణకు కావలసిన సాధనాలను భారతీయ తర్కశాస్త్రం చాలాకాలం కిందటే సిద్ధం చేసుకుంది. శాస్త్రం మూడు అంచెలుగా నడుస్తుందని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు చెప్పాడు. మొదటిది ఉద్దేశం, అంటే విచారించబోయే పదార్థాన్ని పేరుతో పేర్కొనడం. రెండోది లక్షణం, అంటే దాన్ని తక్కినవాటి నుంచి వేరుచేసే ధర్మాన్ని చెప్పడం. మూడోది పరీక్ష, అంటే చెప్పిన లక్షణం సరిపోతుందో లేదో యుక్తులతో తేల్చడం. ఆంధ్రుడని సంప్రదాయం చెప్పే 17వ శతాబ్దపు అన్నంభట్టు, తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో, లక్షణానికి పట్టగల మూడు దోషాలను ఆవును ఉదాహరణగా తీసుకుని వివరించాడు. కపిలవర్ణం ఆవు లక్షణమంటే తెల్లావు బయట ఉండిపోతుంది, ఇది అవ్యాప్తి. కొమ్ములుండటం లక్షణమంటే గేదె కూడా లోపలికి వస్తుంది, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట ఉండటం లక్షణమంటే అది ఏ ఆవుకూ పొసగదు, ఇది అసంభవం. గంగడోలు ఉండటం ఈ దోషాలేవీ లేని లక్షణం. అయితే ఆవుకు లక్షణం చెప్పేవాడికి ఆవులు ముందే తెలుసు కాబట్టి, చెప్పిన మాట సరైనదో కాదో వాటినే అడిగి తేల్చుకోవచ్చు. ముడుల విషయంలో ఆ వెసులుబాటు సగమే ఉంటుంది, ఎందుకంటే గణితం ముడి అని పిలిచేది చేతితో వేసిన తాటిముడిలో ఎక్కడా పూర్తిగా కనిపించదు.

మొదటి నిబంధన తాడు కొసలకు సంబంధించినది. రెండు కొసలూ వదులుగా ఉన్న తాడుకు ఎంత చిక్కటి ముడి వేసినా, ఒక కొసను వెనక్కి నడిపించి దాన్ని విప్పవచ్చు. కాబట్టి కదలికను అనుమతించే ఏ నియమం కింద చూసినా అలాంటి ముడులన్నీ ముడి లేని తాడుతో సమానమవుతాయి, శాస్త్రానికి విషయమే మిగలదు. అందుకే గణితంలో ముడికి కొసలుండవు, రెండూ కలిసిపోయి ఉంటాయి. వృత్తంలోని ఒక్కొక్క బిందువును మూడు పరిమాణాల ఆకాశంలోని ఒక్కొక్క బిందువుకు జతచేసే అవిచ్ఛిన్న, అన్వేక ప్రమేయం గుర్తించే వక్రరేఖ ముడి అని తొలి లక్షణం చెప్పవచ్చు. అవిచ్ఛిన్నమంటే ఎక్కడా తెగనిది. అన్వేకమంటే వేర్వేరు బిందువులను వేర్వేరు చోట్లకే పంపేది, అంటే రేఖ తనను తాను ఎక్కడా తాకదు. ఈ లక్షణంలో తాడు మందం, పొడవు, పదార్థం, పోగుల మధ్య రాపిడి ఏవీ లేవు. నావికుడు వేసే ముడి నిలిచేది రాపిడి వల్లనే కాబట్టి, లోకవ్యవహారంలో ముడులైనవి ఎన్నో ఇక్కడ ముడులు కావు. లోకప్రయోగాన్ని అనుసరించే లక్షణమైతే దీన్ని అవ్యాప్తి అనవలసి వచ్చేది. శాస్త్రం తన పనికోసం ఏర్పరచుకున్న పారిభాషిక లక్షణం కనుక అది దోషం కాదు, తెలిసి చేసిన త్యాగం.

అతివ్యాప్తి మాత్రం నిజంగానే ఎదురైంది. పై లక్షణం ప్రకారం ఒక రేఖ మీద ఒకదాని పక్కన ఒకటి అంతకంతకూ చిన్నవయ్యే అనంతమైన ముడులను వేసి, అవన్నీ ఒక బిందువు దగ్గర కూడుకునేటట్టు చేయవచ్చు. తెగని రేఖే, తనను తాను తాకనిదే, అయినా ఏ చేయీ వేయలేని, ఏ చిత్రమూ పూర్తిగా చూపలేని వస్తువది. ఇటువంటివాటిని అదుపులేని ముడులంటారు. ఇలా అదుపు తప్పిన రేఖాఖండాలకు ప్రసిద్ధమైన ఉదాహరణలను 1948లో రాల్ఫ్ ఫాక్స్, ఎమిల్ ఆర్టిన్ నిర్మించి చూపారు. వాటిని బయట ఉంచడానికి, పరిమిత సంఖ్యలో సరళరేఖా ఖండాలను కలిపి చేసిన బహుభుజితో సమానమయ్యే రేఖలనే ముడులుగా అంగీకరించాలని నియమం పెట్టుకున్నారు. అయితే సరిగ్గా ఇక్కడే లక్షణంలోకి ‘సమానం’ అన్న మాట వచ్చి చేరింది. ఏది ఏదితో, ఏ అర్థంలో సమానమన్నది ఇంకా చెప్పలేదు. అది చెప్పేవరకు ముడి లక్షణం పూర్తికాదు.

సమానత్వాన్ని చెప్పడానికి మూడు దారులు కనిపిస్తాయి, వాటిలో మొదటి రెండూ అతివ్యాప్తితోనే వీగిపోతాయి. ఒక రేఖను తెంచకుండా మెల్లగా మారుస్తూ మరో రేఖగా చేయగలిగితే అవి సమానమని అనడం మొదటి దారి. దీన్ని హోమోటోపీ అంటారు. మధ్యలో పోగు పోగులోంచి చొచ్చుకుపోవడాన్ని ఇది అడ్డుకోదు కనుక ప్రతి ముడీ మామూలు వృత్తంతో సమానమైపోతుంది. చొచ్చుకుపోవడాన్ని నిషేధించి, ప్రతి క్షణంలోనూ రేఖ తనను తాను తాకకుండా ఉండాలనడం రెండో దారి. దీని పేరు ఐసోటోపీ. ఇది చాలినట్టే కనిపిస్తుంది కానీ చాలదు, ఎందుకంటే ముడిపడిన భాగాన్ని అంతకంతకూ బిగిస్తూ పోతే అది చిన్నదై, చివరి క్షణంలో ఒక బిందువులో మాయమవుతుంది. మందంలేని రేఖ కాబట్టి ఈ బిగింపు ఏ నియమాన్నీ ఉల్లంఘించదు, మళ్లీ ముడులన్నీ ఒకటే అవుతాయి. మూడో దారి రేఖను ఒంటరిగా కదిలించడం మాని, దాన్ని పొదువుకున్న ఆకాశమంతటినీ దానితోపాటు అవిచ్ఛిన్నంగా కదిలించమంటుంది. ఆంబియంట్ ఐసోటోపీ అంటే ఇదే. ఆకాశంలోని ఏ భాగమూ బిందువుగా కుంచించుకుపోరాదు కనుక ముడి మాయమయ్యే అవకాశం ఉండదు. ముడుల సిద్ధాంతంలో రెండు ముడులు ఒకటే అన్నప్పుడు అర్థం ఈ మూడోదే.

ఈ మూడో దారి ఒక తాత్త్విక విషయాన్ని బయటపెడుతుంది. రేఖను విడిగా చూస్తే ముడికీ వృత్తానికీ భేదమే లేదు. రేఖ మీదనే పాకే జీవికి రెండూ తిరిగి మొదటికే వచ్చే ఒకే దారి. భేదమంతా రేఖ ఆకాశంలో ఇమిడి ఉన్న తీరులో ఉంది. కాబట్టి ముడిపడి ఉండటమనేది రేఖలో ఉండే గుణం కాదు, రేఖకూ ఆకాశానికీ ఉన్న సంబంధం. ఆకాశం మారితే ఆ సంబంధమూ మారుతుంది, నాలుగు పరిమాణాల ఆకాశంలో రేఖతో వేసిన ముడులన్నీ విడిపోతాయి. ఫెలిక్స్ క్లైన్ గమనించిన ఈ సంగతిని ఆధారం చేసుకుని, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడైన యోహాన్ జోల్నర్ 1877లో ఒక ప్రయోగం చేశాడు. హెన్రీ స్లేడ్ అనే ఆత్మావాహకుడి సమక్షంలో, కొసలు కలిపి ముద్రవేసిన తాడు మీద ముడులు పడ్డాయని, నాలుగో పరిమాణంలో తిరిగే ఆత్మలే ఆ పని చేశాయని ప్రకటించాడు. స్లేడ్ మీద అంతకు ఏడాది ముందే లండన్‌లో మోసం కేసు నడిచింది. అయితే జోల్నర్ వాదాన్ని తర్కంతో ఖండించడానికి ఆ చరిత్ర కూడా అక్కరలేదు. నాలుగో పరిమాణంలో ఇలాంటి ముడి వేయవచ్చునన్న గణితం సరైనదే, కానీ ముడి పడింది కనుక నాలుగో పరిమాణపు జీవే వేసిందనడానికి వ్యాప్తి, అంటే తప్పనిసరి సహచర్యం, లేదు; హస్తలాఘవం ఉన్న మనిషి కూడా అదే ఫలితాన్ని చూపగలడు. సాధించదలచినది (సాధ్యం) లేనిచోట కూడా కనిపించే హేతువును నైయాయికులు సవ్యభిచారం అంటారు. గణిత సత్యాన్ని మత విశ్వాసానికి సాక్ష్యంగా నిలబెట్టే ప్రయత్నాలకు ఈ దోషం తరచుగా పడుతుంది.

సమానత్వ నియమం కుదిరిన తరువాత కూడా కొన్ని నిర్ణయాలు మిగిలే ఉంటాయి. విప్పలేని ముడుల్లో అన్నిటికంటే చిన్నది మూడుచోట్ల పోగు పోగును దాటే ట్రెఫాయిల్. దాన్ని అద్దంలో చూస్తే కనిపించేది అదే ముడా, మరొకటా? ఆకాశపు కదలికలతో ఒకదాన్ని రెండోదానిగా మార్చలేమని మాక్స్ డేన్ 1914లో నిరూపించాడు. నాలుగు దాటుల ముడికి మాత్రం అద్దపు ప్రతిబింబం తానే. రేఖ మీద ప్రయాణ దిశను కూడా లెక్కలోకి తీసుకుంటే దిశ మారితే మారిపోయే ముడులున్నాయని 1963లో ట్రాటర్ చూపాడు. పట్టికలు తయారుచేసేవారు సాధారణంగా ప్రతిబింబాన్నీ దిశనూ పట్టించుకోరు. 16 దాటుల వరకు ఉన్న ముడులు 17,01,936 అని 1998లో హోస్ట్, థిస్ల్‌త్‌వెయిట్, వీక్స్ ప్రకటించిన లెక్క ఈ నియమం మీద ఆధారపడినదే, పైగా అందులో చేరినవి చిన్న ముడులుగా విడదీయడానికి వీల్లేని ప్రధాన ముడులు మాత్రమే. కాబట్టి మూడు దాటుల ముడులు ఎన్ని అని అడిగితే ఒకటి అన్నదీ రెండు అన్నదీ సరైన జవాబులే, రెండూ వేర్వేరు లక్షణాలకు జవాబులు. సంఖ్య వస్తువుల గుంపుకు అంటుకుని ఉండదని, ఆ గుంపును ఏ భావన కింద చూస్తున్నామో దాని గురించే అది చెబుతుందని జర్మన్ తర్కవేత్త గాట్లోబ్ ఫ్రేగే 1884లో వాదించాడు. ముడుల లెక్క ఆ వాదానికి చక్కగా అమరుతుంది.

ఫ్రేగే అదే గ్రంథంలో రేఖల దిశను ఉదాహరణగా తీసుకుని మరో విషయం చెప్పాడు. దిశ అనే వస్తువును ఎవరూ చూడరు. రెండు రేఖలు సమాంతరాలైతే వాటి దిశ ఒకటే అన్న నియమం పెట్టుకున్న తరువాతే దిశ గురించి మాట్లాడటం వీలవుతుంది. ముడి కూడా ఇటువంటిదే. తాను తనకు సమానం కావడం, మొదటిది రెండోదానికి సమానమైతే రెండోది మొదటిదానికి సమానం కావడం, మొదటిది రెండోదానికీ రెండోది మూడోదానికీ సమానమైతే మొదటిది మూడోదానికి సమానం కావడం అన్న మూడు ధర్మాలూ ఉన్న సంబంధాన్ని గణితంలో తుల్య సంబంధమంటారు, అది కలిపే వస్తువుల సముదాయం తుల్యతా తరగతి. ఆంబియంట్ ఐసోటోపీ అలాంటి సంబంధం, గణితంలోని ముడి అలాంటి తరగతి. ఏ ఒక్క రేఖా ముడి కాదు, ప్రతి రేఖా తన ముడికి ప్రతినిధి. ఒకప్పుడు ఒకచోట చూసిన దేవదత్తుడే ఇప్పుడు ఇక్కడ ఉన్నవాడని గుర్తుపట్టేటప్పుడు, ‘అప్పటి’, ‘ఇప్పటి’ అన్న విరుద్ధ విశేషణాలను విడిచి వ్యక్తిని మాత్రం గ్రహించాలని అద్వైతులు చెప్పే పద్ధతి దీనికి దగ్గరగా ఉంటుంది. తేడా ఏమిటంటే, విశేషణాలు విడిచిన తరువాత దేవదత్తుడు అనే వ్యక్తి మిగులుతాడు. రేఖల పొడవునూ వంపునూ విడిచిన తరువాత మిగిలేది మరో రేఖ కాదు, విడవడానికి అనుసరించిన నియమమే.

ఆకాశమంతటినీ కదిలించడమన్నది కాగితం మీద చేయగల పని కాదు కనుక, పరీక్ష దశలో ముడికి బదులు దాని చిత్రంతో వ్యవహరిస్తారు. ముడిని సమతలం మీదికి నీడలా దించి, రెండు పోగులు కలిసిన ప్రతిచోటా కింది పోగును కొద్దిగా తెంపి గీస్తారు. ఒక చిత్రాన్ని మరో చిత్రంగా మార్చడానికి మూడే చర్యలు చాలునని, అవి సరిపోకపోతే ముడులు వేరేనని 1927లో కుర్ట్ రైడెమైస్టర్ నిరూపించాడు. ఒక పోగుకు చిన్న మెలిక వేయడం లేదా తీయడం మొదటిది; ఒక పోగును పక్కపోగు మీదుగా జరిపి రెండు దాటులు కలపడం లేదా తీసేయడం రెండోది; రెండు పోగులు దాటుకున్న చోటు మీదుగా మూడో పోగును అటు నుంచి ఇటుకు జరపడం మూడోది. ఈ సిద్ధాంతంతో అనంతమైన కదలికల ప్రశ్న లెక్కపెట్టగల అడుగుల ప్రశ్నగా మారింది. అయితే అడుగులు ఎన్ని పడతాయో సిద్ధాంతం చెప్పదు. మామూలు వృత్తానికి సమానమైన ముడిని తుచ్ఛ ముడి అంటారు. సంకలనంలో సున్నా చేసే పనిని ముడులను కలిపేటప్పుడు ఇది చేస్తుంది. ఇలాంటి ముడి చిత్రాల్లో కూడా కొన్నిటిని సరళం చేయాలంటే ముందు దాటుల సంఖ్య పెంచక తప్పదు.

ఇక్కడ జ్ఞానానికి సంబంధించిన ఒక అసమానత కనిపిస్తుంది. రెండు ముడులు ఒకటేనని చూపడానికి ఒక చిత్రం నుంచి రెండో చిత్రానికి తీసుకువెళ్లే చర్యల వరుస ఒక్కటి దొరికితే చాలు. వేరని చూపడానికి ఆ వరుస దొరకలేదనడం చాలదు. వస్తువు కనిపించకపోవడం దాని అభావానికి ప్రమాణమవుతుందా అన్న విచారణ భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనే ప్రమాణం గురించి చేశారు. వెలుగున్న గదిలో నేల మీద కుండ కనిపించకపోతే కుండ లేదని తెలుస్తుంది, చీకటి గదిలో కనిపించకపోతే ఏమీ తెలియదు. ఉంటే కనిపించి తీరేదే అన్న యోగ్యత ఉన్నప్పుడే అనుపలబ్ధి ప్రమాణం. చర్యల వరుసకు హద్దు తెలియనంతకాలం ముడుల పరీక్ష చీకటి గదిలో వెతకడమే. తుచ్ఛ ముడిని ఎన్నడూ పొరబడకుండా గుర్తించే పద్ధతి ఒకటుందని 1961లో వొల్ఫ్‌గాంగ్ హాకెన్ చూపాడు. ఆ తరువాత 2015లో మార్క్ లాకెన్‌బీ, చిత్రంలో ఉన్న దాటుల సంఖ్యను 236తో గుణించి, వచ్చినదాన్ని 11వ ఘాతానికి పెంచితే వచ్చే సంఖ్యకు మించిన చర్యలు తుచ్ఛ ముడిని వృత్తంగా మార్చడానికి అవసరం కావని నిరూపించాడు. ఈ ఫలితంతో అనుపలబ్ధికి యోగ్యత సమకూరింది, అన్ని అడుగులూ వెతికి వృత్తం రాకపోతే అది తుచ్ఛ ముడి కాదని నిశ్చయించవచ్చు. మూడు దాటులకే ఆ హద్దు 32 అంకెల సంఖ్య అవుతుంది కనుక ఈ యోగ్యత ఆచరణలో ఉపయోగపడేది కాదు, సూత్రరీత్యా మాత్రమే నిలిచేది.

వేరని చూపడానికి గణితజ్ఞులు వాడేది మరో మార్గం. రైడెమైస్టర్ చర్యలు మూడింటిలో దేనివల్లా మారని ధర్మాన్ని ఇన్వేరియంట్ అంటారు; రెండు ముడులకు ఆ ధర్మం వేర్వేరుగా ఉంటే అవి వేర్వేరు ముడులు. దాటు కింద తెగి మళ్లీ దాటు కింద తెగేవరకు ఉన్న పోగును ఒక ముక్కగా తీసుకుని, ఒక్కో ముక్కకు మూడు రంగుల్లో ఒకటి వేస్తూ, ప్రతి దాటు దగ్గరా కలిసే మూడు ముక్కలూ ఒకే రంగులోనో మూడు వేర్వేరు రంగుల్లోనో ఉండేటట్టు, మొత్తం మీద కనీసం రెండు రంగులు వాడేటట్టు చేయగలమా అన్నది అలాంటి ధర్మాల్లో సులభమైనది. ట్రెఫాయిల్‌కు ఇది సాధ్యం, ఒకే ముక్క ఉన్న వృత్తానికి అసాధ్యం. కాబట్టి ట్రెఫాయిల్ ఎన్ని తంటాలు పడినా విడిపోదు. నాలుగు దాటుల ముడికి కూడా ఇది అసాధ్యమే కానీ, అంతమాత్రాన అది తుచ్ఛ ముడి అయిపోదు. ఈ పరీక్ష రెంటినీ ఒకటిగా చూస్తుందంటే దానికి ఆ భేదం కనిపించదని మాత్రమే అర్థం. 1928లో జేమ్స్ అలెగ్జాండర్ ప్రచురించిన బహుపది ఇంతకంటే సూక్ష్మమైనది, అయినా ముడికీ దాని ప్రతిబింబానికీ ఉన్న భేదం దానికి అందదు. ముడులతో సంబంధం లేనట్టు కనిపించే బీజగణిత పరిశోధనలో ఉండగా 1984లో వాన్ జోన్స్ కనుగొన్న బహుపది ట్రెఫాయిల్‌ను దాని ప్రతిబింబం నుంచి విడదీస్తుంది. తుచ్ఛ ముడికి ఉన్న జోన్స్ బహుపదే మరే ముడికైనా ఉందా అన్న ప్రశ్న మాత్రం ఇంకా తెరిచే ఉంది. ఇలాంటి ఇన్వేరియంట్లు ముడికి లక్షణాలు కావు, వ్యావృత్తి సాధనాలు. అవి భేదాన్ని మాత్రమే సాధిస్తాయి, అభేదాన్ని సాధించలేవు.

అభేదాన్ని కూడా సాధించే ధర్మం ఒకటుంది, అది ముడిలో కాకుండా ముడి బయట ఉంది. ఆకాశం నుంచి ముడిని తొలగిస్తే మిగిలే భాగాన్ని ముడి పూరకం అంటారు. రెండు ముడుల పూరకాలు టోపాలజీ దృష్టిలో ఒకటైతే, ప్రతిబింబ భేదాన్ని పక్కనపెట్టి, ఆ ముడులూ ఒకటేనని 1989లో కామరన్ గార్డన్, జాన్ ల్యూకీ నిరూపించారు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి అపోహవాదం ఇక్కడ తలపుకు వస్తుంది. గోవు అన్న మాట గోత్వమనే సామాన్యాన్ని చెప్పదని, గోవు కానివాటిని తోసిపుచ్చడమే దాని పని అని ఆయన వాదించాడు. గోవు కానిదేదో తెలియాలంటే గోవు ముందే తెలిసి ఉండాలి కదా, ఇది అన్యోన్యాశ్రయం కాదా అని కుమారిల భట్టు ఆక్షేపించాడు. ముడి పూరకానికి ఆ ఆక్షేపణ తగలదు, ఎందుకంటే పూరకం తనంతట తానుగా ఒక ఆకాశం. ఏ ముడిని తీసేయగా వచ్చిందో తెలియకుండానే దాని నిర్మాణాన్ని పరిశీలించవచ్చు, ఆ పరిశీలన నుంచి ముడిని తిరిగి రాబట్టవచ్చు. అయితే ఈ విజయానికి హద్దు ఉంది. ఒకదానిలో ఒకటి చిక్కుకున్న రెండు వలయాల విషయంలో వేర్వేరు అమరికలకు ఒకే పూరకం ఉండగలదు. ఒక్కటిగా ఉన్నదాన్ని దాని బయటి ప్రపంచం నిర్ణయించగలిగినా, రెండింటి కలయికను నిర్ణయించలేదన్నమాట.

లక్షణం మనిషి చేసిన నిర్ణయమే అయినా దాని ఫలితాలు మనిషి నిర్ణయాలు కావని చూపే ఉదంతం ముడుల పట్టికల చరిత్రలోనే ఉంది. 1867లో విలియం థామ్సన్, తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, పరమాణువులు ఈథర్ అనే సర్వవ్యాప్త ద్రవంలోని ముడిపడిన సుడులని ప్రతిపాదించాడు. రసాయన మూలకాల భేదం ముడుల భేదమే అయితే ముడుల జాబితా మూలకాల జాబితా అవుతుందన్న ఆశ పీటర్ గత్రీ టేట్‌ను పట్టికలు తయారుచేయడానికి పురికొల్పింది. ఈథర్ వాదం పోయింది, పట్టికలు మిగిలాయి. 19వ శతాబ్దం చివరిలో చార్ల్స్ లిటిల్ వేసిన పదిదాటుల ముడుల పట్టికలో వేర్వేరుగా నమోదైన రెండు ముడులు అలాగే పునర్ముద్రణ అవుతూ వచ్చాయి, 1976లో వెలువడిన డేల్ రోల్ఫ్‌సన్ గ్రంథంలో కూడా చోటుచేసుకున్నాయి. న్యూయార్క్ న్యాయవాది కెన్నెత్ పెర్కో వాటిని రేఖాచిత్రాల మార్పులతో ఒకదానిలోంచి ఒకటిగా సాధించి, రెండూ ఒకటే ముడి అని 1974లో ప్రచురించాడు. పదిదాటుల ప్రధాన ముడుల సంఖ్య 166 నుంచి 165కు తగ్గింది. అత్యల్ప దాటులున్న చిత్రాల్లో, దాటులకు వాటి తీరును బట్టి ధన, రుణ గుర్తులిచ్చి కూడితే వచ్చే మొత్తం మారదని లిటిల్ నమ్మాడు. ఈ రెండు చిత్రాల్లో ఆ మొత్తాలు వేర్వేరు కనుక ఆయనకు అవి వేరని నిశ్చయం కుదిరింది. ఆ నమ్మకానికే ఈ జంట ప్రత్యుదాహరణ అయింది.

ఈ ఉదంతంలో తాత్త్వికంగా గమనించదగినది పొరపాటు కాదు, పొరపాటు సాధ్యం కావడం. ముడులు పూర్తిగా మనిషి కల్పనలైతే, పట్టికలో రెండని రాసినన్నాళ్లూ అవి రెండే కావాలి, ఎందుకంటే కల్పితమైనదాని విషయంలో కల్పించినవాడిదే తుది మాట. అలా జరగలేదు, ఆ రెండు చిత్రాలూ డెబ్బై ఏళ్లకు పైగా వేరని చెలామణీ అయినా, లిటిల్ వాటిని గీసిన రోజునే అవి ఒకటి. ఇలాంటిదే ఇటీవలి ఫలితం ఒకటి. ఒక ముడిని తుచ్ఛ ముడిగా మార్చడానికి కనీసం ఎన్ని దాటుల దగ్గర పై పోగును కిందికి మార్చాలో ఆ సంఖ్యను ముడి విప్పు సంఖ్య అనవచ్చు. రెండు ముడులను కోసి ఒకే ముడిగా అతికితే వచ్చేదానికి ఈ సంఖ్య విడివిడి సంఖ్యల మొత్తమే అవుతుందని చాలాకాలం ఊహించారు. విప్పు సంఖ్య 3 అయిన ఏడు దాటుల ముడిని దాని ప్రతిబింబంతో కలిపితే వచ్చే ముడి 6 కాక 5 మార్పులకే విడిపోతుందని 2025లో మార్క్ బ్రిటెన్‌హామ్, సుసాన్ హెర్మిల్లర్ చూపారు. లక్షణం రెండు వాక్యాల్లో చెప్పగలిగినది, దాన్ని చెప్పినవారూ వాడినవారూ ఎదురుచూడని సంగతి అందులోనే ఉంది. కాబట్టి గణిత వస్తువులు కల్పించినవా కనుగొన్నవా అన్న వివాదానికి ముడుల సిద్ధాంతం ఇచ్చే జవాబు రెండు భాగాలుగా ఉంటుంది: ఏ భేదాన్ని విస్మరించాలన్నది కల్పన, విస్మరించిన తరువాత ఏది ఏదితో ఒకటవుతుందన్నది కనుగోలు.

ఈ విభజన గణితం బయట ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. జీవుడికీ బ్రహ్మానికీ అభేదమని అద్వైతం, శరీర శరీరి భావంతో కూడిన ఐక్యమని విశిష్టాద్వైతం, నిత్యభేదమని ద్వైతం చెప్పినప్పుడు, ఆ మూడు మాటలూ ఒకే అభేదాన్ని గురించినవా అని అడగడం ముడుల గణితం నేర్పే మొదటి జాగ్రత్త. హోమోటోపీలో ఒకటైనవి ఆంబియంట్ ఐసోటోపీలో వేరైనట్టే, ఉపాధిభేదాన్ని, అంటే శరీరం వంటి పరిమితుల వల్ల కనిపించే భేదాన్ని, లెక్కించనివాడికి ఒకటిగా ఉన్నది లెక్కించేవాడికి వేరు కావచ్చు. అప్పుడు వారి మధ్య విరోధం మాటల్లో కనిపించినంతగా అర్థంలో ఉండకపోవచ్చు. అయితే పోలిక ఇక్కడితో ఆగాలి. గణితజ్ఞుడు మూడు నియమాలనూ పక్కపక్కన ఉంచి, తన పనికి పనికొచ్చేదాన్ని ఎంచుకుంటాడు, తక్కిన రెండూ అబద్ధాలని అనడు. వేదాంతి ఉపాధిని విడవమన్నప్పుడు అది ఎంపిక అని ఒప్పుకోడు, శ్రుతి చేతనో అనుభవం చేతనో ఆ భేదమే మిథ్య అని తెలిసిందంటాడు. ద్వైతి అది సత్యమని సాక్షిప్రమాణంతో వాదిస్తాడు. వారి వివాదం అభేదానికి ఏ నియమం పెట్టుకోవాలన్నదాని మీద కాదు, ఆ నియమం మనిషి చేతిలో ఉన్నదేనా అన్నదాని మీద. లక్షణాలను స్పష్టంచేస్తే తీరే తగాదాలేవో, ఎంత స్పష్టంచేసినా మిగిలేవేవో వేరుచేసి చూపడం వరకే ముడుల గణితం తత్త్వవిచారానికి తోడ్పడగలదు. మిగిలినవాటికి పరీక్ష ఆయా దర్శనాలు అంగీకరించిన ప్రమాణాలతోనే జరగాలి.